సమావేశ మందిరం బయటి నుంచి: డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అరవై ఏళ్ల పోరాటం

1946 వేసవిలో ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కు ఒక చిన్న ఉత్తరం వెళ్లింది. రాసినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. అందుకున్నవారు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. అమెరికా నల్లజాతి ప్రజల తరఫున ఐక్యరాజ్యసమితికి ఒక పిటిషన్ వెళ్లిందని తెలిసిందని, దాని ప్రతులు రెండు మూడు పంపగలరా అని అంబేద్కర్ అడిగారు. అంటరానివారి స్థితికీ అమెరికా నల్లవారి స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించి, ఇక్కడివాళ్లు కూడా అదే దారిలో వెళ్లే ఆలోచనలో ఉన్నారని తెలియజేశారు. జూలై 31న డుబోయిస్ జవాబు రాశారు. అంబేద్కర్ పేరు తనకు తెలుసని, అంటరానివారి పోరాటం పట్ల తనకు సానుభూతి ఉందని చెప్పి, నేషనల్ నీగ్రో కాంగ్రెస్ సమర్పించిన వినతిపత్రాన్ని జతచేశారు. ఇంతకంటే సమగ్రమైనది ఇంకొకటి రావచ్చని, వస్తే అదీ పంపుతానని తెలిపారు.

ఈ రెండు ఉత్తరాల గురించి మన సభల్లో తరచూ చెప్పుకుంటాం. ఇద్దరు మహానుభావులు ఒకరినొకరు ఎరుగుదురని సంతోషించి అక్కడితో ఆపేస్తాం. నిజానికి ఆ ఉత్తరం వెనక సంతోషం లేదు, ఆందోళన ఉంది. ఆ ఏడాది మే నెలలో బ్రిటిష్ కేబినెట్ మిషన్ అధికార బదిలీ పథకాన్ని ప్రకటించింది. ఆ బృందం అంబేద్కర్‌ను పిలిపించుకుని మాట్లాడింది, విన్నది. పథకం బయటికి వచ్చేసరికి అందులో జనరల్, ముస్లిం, సిక్కు అనే మూడు వర్గాలే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలకు విడి గుర్తింపు లేదు. దేశంలో ప్రజాస్వామ్యం ఎలా ఉండాలో తేల్చే చర్చల్లోనే చోటు దొరకనప్పుడు అంబేద్కర్ దేశం బయట తలుపు ఎక్కడుందా అని చూశారు. అలా చూసినప్పుడు కనిపించిన మనిషి డుబోయిస్. అప్పటికి ఆయన వయసు 78. ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకునే గదుల తలుపులు తట్టడం మొదలుపెట్టి 46 ఏళ్లయింది.

ముందుగా పేరు సంగతి. ఫ్రెంచి పేరు కదా అని చాలామంది డుబ్వా అంటారు. ఆయన మాత్రం తన పేరును డుబోయిస్ అనే పలికేవారు, పలికించేవారు.

విలియం ఎడ్వర్డ్ బర్గార్డ్ట్ డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి రెండేళ్లు దాటింది. తండ్రి చిన్నతనంలోనే ఇల్లు విడిచి వెళ్లాడు. తల్లి కష్టపడి పెంచింది. ఉత్తరాది ఊరు కాబట్టి తెల్ల పిల్లలతో కలిసి చదువుకున్నారు. నల్లవారి బతుకంటే ఏమిటో టెనెసీ రాష్ట్రంలోని ఫిస్క్ యూనివర్సిటీకి వెళ్లాకే పూర్తిగా తెలిసింది. సెలవుల్లో అక్కడి పల్లెల్లో నల్లపిల్లలకు పాఠాలు చెప్పేవారు.

హార్వర్డ్‌లో చదువుతున్నప్పటి ఒక సంఘటన ఆయన పద్ధతిని చూపిస్తుంది. స్లేటర్ ఫండ్ అనే సంస్థ నల్లవారి చదువుకు డబ్బిచ్చేది. దాని అధ్యక్షుడు అమెరికా మాజీ అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్. యూరప్ పంపి చదివించడానికి తగిన నల్ల విద్యార్థి దొరకడం లేదని హేస్ అన్నట్టు పత్రికలో వచ్చింది. డుబోయిస్ వెంటనే దరఖాస్తు పెట్టారు. తిరస్కరించారు. తిరస్కారానికి జవాబుగా నిలదీస్తూ మళ్లీ రాశారు. చివరికి డబ్బు వచ్చింది, 1892లో బెర్లిన్ వెళ్లారు. 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. పరిశోధన విషయం ఆఫ్రికా బానిస వ్యాపారాన్ని అమెరికా అణచిన తీరు. చట్టం పుస్తకంలో ఉండటానికీ అమలు కావడానికీ మధ్య దూరం ఎంతో ఆయన అక్కడే చదివారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసుల వెంట తిరిగినవారికి ఆ దూరం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో ఒక నల్లవాడలో ఇంటింటికీ తిరిగి వేలమంది వివరాలు సేకరించి 1899లో పుస్తకం వేశారు. అట్లాంటా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్నారు. నిజాలు, లెక్కలు సరిగ్గా ముందు పెడితే తెల్లసమాజం మారుతుందన్నది అప్పటి ఆయన నమ్మకం. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్ల కూలీని జనం పట్టుకుని చిత్రహింసలు పెట్టి సజీవదహనం చేశారు. దాని మీద సంయమనంతో ఒక లేఖ రాసుకుని పత్రికాఫీసుకు బయలుదేరిన డుబోయిస్‌కు, చచ్చినవాడి వేలి ఎముకలు దారిలోని ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారన్న వార్త తెలిసింది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశారు. ఆ మరుసటి నెలలోనే రెండేళ్ల లోపు వయసున్న కొడుకు జబ్బుచేసి చనిపోయాడు. లెక్కలు మానలేదు కానీ, లెక్కలతోనే పని అవుతుందన్న నమ్మకం పోయింది.

1900 జూలైలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ టౌన్ హాల్లో మూడు రోజుల పాటు మొదటి పాన్-ఆఫ్రికన్ సమావేశం జరిగింది. ఏర్పాటు చేసింది డుబోయిస్ కాదు, ట్రినిడాడ్ నుంచి వచ్చి లండన్‌లో బారిస్టర్ చదివిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్. ఈ పేరు మనవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆఫ్రికా ఖండాన్ని యూరప్ దేశాలు 1884-85లో బెర్లిన్‌లో సమావేశమై వాటాలు వేసుకునే నియమాలు రాసుకున్నాయి. ఆ బల్ల చుట్టూ ఒక్క ఆఫ్రికన్ లేడు. పదిహేనేళ్ల తర్వాత అదే ప్రజల వారసులు కొద్ది పదుల మంది, సామ్రాజ్య రాజధానిలో, తమ ఖర్చుతో హాలు తీసుకుని కూర్చున్నారు. ప్రపంచ దేశాల ప్రభుత్వాలకు రాసిన విజ్ఞప్తిని తయారుచేసే కమిటీకి 32 ఏళ్ల డుబోయిస్ అధ్యక్షత వహించారు. రంగును బట్టి మనుషులను విడదీసే గీత రాబోయే శతాబ్దం ముందున్న పెద్ద సమస్య అని ఆ విజ్ఞప్తి చెప్పింది. దక్షిణాఫ్రికా, రొడీషియాల్లో స్థానికులను పెడుతున్న బాధల గురించి విక్టోరియా రాణికి వినతి పంపారు. మర్యాదగా, పొడిగా ఒక జవాబు వచ్చింది. అంతే.

అదే ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికా నల్లజాతి జీవితం మీద ఏర్పాటుచేసిన విభాగం కోసం డుబోయిస్, ఆయన విద్యార్థులు రంగురంగుల గణాంక పటాలు గీశారు. డబ్బుల్లేక ఓడలో అడుగు తరగతిలో ప్రయాణం చేసి వాటిని తీసుకెళ్లారు. బంగారు పతకం వచ్చింది. ఇవాళ డిజైన్ విద్యార్థులు ఆ పటాలను పాఠంగా చదువుతున్నారు.

ఆ తర్వాతి దశాబ్దం అమెరికాలోని పనికే సరిపోయింది. 1903లో 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' పుస్తకం, 1905లో నయాగరా ఉద్యమం, 1909లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. స్థాపన, 1910 నుంచి ఆ సంఘం పత్రిక 'ది క్రైసిస్' సంపాదకత్వం. వాటి మీద ఇప్పటికే చాలా వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగను.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. ప్రజాస్వామ్యం కోసమే యుద్ధం చేశామని అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రపంచానికి చెబుతున్నాడు. జాతుల స్వయంనిర్ణయం అనే మాట అందరి నోటా ఉంది. 1919లో పారిస్‌లో శాంతి సమావేశం. ఓడిపోయిన జర్మనీ చేతిలోని ఆఫ్రికా భూములను ఏంచేయాలన్నది అక్కడి ప్రశ్నల్లో ఒకటి. ఆ భూముల మీది మనుషులను అడగాలన్న ఆలోచన ఎవరికీ లేదు. డుబోయిస్ 1918 డిసెంబర్‌లో పత్రికా విలేకరుల ఓడ ఎక్కి పారిస్ చేరుకున్నారు. విలేకరిగా వెళ్లారు కాబట్టే వెళ్లగలిగారు. మిగతా నల్లజాతి నాయకులు పాస్‌పోర్టులకు దరఖాస్తు చేస్తే అమెరికా విదేశాంగ శాఖ ఇవ్వలేదు. అక్కడ విల్సన్‌ను కలవాలని ప్రయత్నించి, ఆయన సలహాదారు కల్నల్ హౌస్ దాకా మాత్రం వెళ్లగలిగారు. హౌస్ ఓపిగ్గా విన్నాడు, ఏ మాటా ఇవ్వలేదు.

పారిస్‌లో అప్పుడు సైనిక నిబంధనలు అమల్లో ఉన్నాయి. సభ పెట్టాలంటే ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో ఒప్పుకోవాలి. ఒప్పించినవారు బ్లెజ్ డియాన్, సెనెగల్ నుంచి ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నికైన నల్లజాతి సభ్యుడు. యుద్ధానికి ఫ్రాన్స్ తరఫున పదుల వేలమంది ఆఫ్రికా యువకులను సైన్యంలో చేర్చిన మనిషి. క్లెమెన్సో ఆయనకు కాదని చెప్పలేకపోయాడు, పెద్దగా ప్రచారం చేయకుండా కానివ్వమన్నాడు. ఫిబ్రవరి 19 నుంచి మూడు రోజులు గ్రాండ్ హోటల్లో సభ జరిగింది. 15 దేశాల నుంచి 57 మంది ప్రతినిధులు. అందులో ఆఫ్రికా నుంచి వచ్చినవారు 12 మంది. దాదాపు అందరూ అప్పటికే ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లే, ఎందుకంటే బయటి నుంచి రానిచ్చేవారు లేరు. జర్మనీ వలసలను అంతర్జాతీయ పర్యవేక్షణ కింద పెట్టాలని, ఆఫ్రికా ప్రజల భూమికీ శ్రమకూ చదువుకూ రక్షణగా అంతర్జాతీయ చట్టం ఉండాలని, పాలనలో వారికి క్రమంగా భాగం ఇవ్వాలని తీర్మానించారు.

ఇవాళ చదివితే ఆ తీర్మానాలు మెత్తగా కనిపిస్తాయి. స్వాతంత్ర్యం అన్న మాట లేదు. క్రమంగా అనే మాట మన చెవికి కుచ్చుకుంటుంది. కానీ అదే ఏప్రిల్‌లో జపాన్ జాతి సమానత్వం గురించి ఒక వాక్యాన్ని నానాజాతి సమితి ఒడంబడికలో చేర్చమంటే ఏమైందో చూడాలి. ఓటు వేసిన 17 మందిలో 11 మంది సరేనన్నారు. అధ్యక్ష స్థానంలో ఉన్న విల్సన్ ఇది ఏకగ్రీవం కావాల్సిన విషయమని చెప్పి తోసేశాడు. ఒక గెలిచిన ప్రభుత్వం, సైన్యం ఉన్న ప్రభుత్వం అడిగితేనే దక్కనిది, హోటల్ గదిలో కూర్చున్న 57 మందికి దక్కుతుందా? పాన్-ఆఫ్రికన్ సభ సాధించింది వేరే. ఆఫ్రికా గురించి ఆఫ్రికా బిడ్డలే మాట్లాడతారన్న సంగతిని ప్రపంచ పత్రికల్లోకి ఎక్కించింది.

1921లో రెండో మహాసభను మూడు రాజధానుల్లో పెట్టారు: లండన్, బ్రస్సెల్స్, పారిస్. లండన్‌లో తీర్మానం గట్టిగా వచ్చింది. బ్రస్సెల్స్‌లో గొడవ మొదలైంది. బెల్జియం చేతిలో ఉన్న కాంగో గురించి విమర్శ వినబడగానే అక్కడి పత్రికలు, అధికారులు ఉలిక్కిపడ్డారు. అధ్యక్ష స్థానంలో ఉన్న డియాన్ గట్టి తీర్మానాన్ని పక్కనపెట్టి మెత్తనిదాన్ని నెగ్గించాడు. ఇది గమనించాలి. 1919లో తలుపు తెరిపించింది డియానే, 1921లో నోరు నొక్కిందీ డియానే. ప్రభుత్వం దయతో దొరికిన హాలుకు అద్దె ఎప్పుడో ఒకప్పుడు ఇలా కట్టాల్సి వస్తుంది. పాలకపక్షంలో ఉంటూ మనకు వేదిక ఇప్పించే నాయకులను చూసిన మన కార్యకర్తలకు డియాన్ మనస్తత్వం ఇట్టే అర్థమవుతుంది.

డుబోయిస్ అక్కడితో ఆగకుండా జెనీవా వెళ్లారు. హైతీ తరఫున నానాజాతి సమితిలో ప్రతినిధిగా ఉన్న దాంతెస్ బెల్‌గార్డ్ తోడుగా నిలిచారు. వినతిపత్రం రెండు స్పష్టమైన సంగతులు అడిగింది. వలసల పర్యవేక్షణ కమిషన్‌లో నల్లజాతి సభ్యుడు ఉండాలి. అంతర్జాతీయ కార్మిక కార్యాలయంలో స్థానిక ప్రజల శ్రమ గురించి ప్రత్యేక విభాగం ఉండాలి. కార్మిక కార్యాలయం అధిపతి ఆల్బర్ట్ థామస్‌ను కలిశారు. వినతిపత్రం నానాజాతి సమితి పత్రాల్లోకి ఎక్కింది. ఆకాశం నుంచి హక్కులు దిగిరావాలని అడగకుండా ఏ కమిటీలో, ఏ కుర్చీ, ఎవరికి అని అడగడం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన పని.

1923లో లండన్, లిస్బన్‌లలో మూడో సభ జరిగింది, పలచగా. 1927లో న్యూయార్క్‌లో జరిగిన నాలుగో సభకు రెండొందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. దాన్ని నిలబెట్టింది నల్లజాతి మహిళల సంఘాలు. డబ్బు పోగుచేసింది, హాళ్లు చూసింది, ఉత్తరాలు రాసింది వాళ్లు. చరిత్ర పుస్తకాల్లో డుబోయిస్ పేరు ముందుంటుంది, ఆడీ హంటన్ పేరు అడుగున ఉంటుంది. మన ఉద్యమాల్లోనూ కరపత్రాల మీద పేర్ల వరుస ఇలాగే ఉంటుంది.

ఈ సభలన్నిటికీ ఒక పెద్ద లోపముంది. వచ్చినవాళ్లు వకీళ్లు, ప్రొఫెసర్లు, పాస్టర్లు, పత్రికల వాళ్లు. చదువుకున్న కొద్దిమంది మొత్తం జాతిని నడిపిస్తారన్నది డుబోయిస్ తొలినాళ్ల సిద్ధాంతం. అదే సమయంలో మార్కస్ గార్వీ వెనక లక్షలాది పేద నల్లవారు నడిచారు. ఇద్దరూ ఒకరినొకరు హీనంగా తిట్టుకున్నారు. భారతదేశం విషయంలోనూ ఆయన చూపు పైనుంచే పడింది. లాలా లజపతిరాయ్‌తో స్నేహం, గాంధీ పట్ల గౌరవం. 1928లో రాసిన 'డార్క్ ప్రిన్సెస్' నవలలో నాయిక భారత సంస్థానపు రాకుమారి. తెల్లవారి పెత్తనం కింద ఉన్న దేశాలన్నీ ఏకమవ్వాలన్న తపనలో, ఆ దేశాల లోపల ఎవరి మీద ఎవరి పెత్తనం ఉందో చాలాకాలం ఆయన పెద్దగా పట్టించుకోలేదు. 1936లో జపాన్ ఆక్రమించిన మంచూరియాకు వెళ్లి మెచ్చుకుని వచ్చారు. ముసలితనంలో స్టాలిన్‌ను కీర్తించారు. అభిమానంతో వీటిని దాచిపెట్టడం ఆయనకు మేలు చేయదు.

రెండో ప్రపంచ యుద్ధం చివరికి వచ్చేసరికి మళ్లీ అదే దృశ్యం. 1944లో వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ భవనంలో పెద్ద దేశాలు కొత్త అంతర్జాతీయ సంస్థకు ముసాయిదా రాశాయి. వలసల్లో బతుకుతున్న ప్రజల ఊసు అందులో లేదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారమే 1945 నాటికి దాదాపు 75 కోట్లమంది స్వపరిపాలన లేని ప్రాంతాల్లో ఉన్నారు. డుబోయిస్ ఆ ముసాయిదా మీద విరుచుకుపడ్డారు. 1945లో 'కలర్ అండ్ డెమోక్రసీ' పుస్తకం రాశారు. వలసలు ఉన్నంతకాలం ప్రజాస్వామ్యం, శాంతి రెండూ అబద్ధాలేనన్నది దాని వాదన. ఏప్రిల్‌లో హార్లెంలో వలస దేశాలవారితో ఒక సదస్సు పెట్టి డిమాండ్లు తయారుచేసుకున్నారు.

ఆ నెల 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాల సమావేశం మొదలైంది. ఈసారి ఒక కొత్త సంగతి జరిగింది. అమెరికా ప్రభుత్వం 42 పౌర సంస్థలను సలహాదారులుగా పిలిచింది. ఎన్.ఎ.ఎ.సి.పి. తరఫున వాల్టర్ వైట్, మేరీ మెక్‌లియాడ్ బెతూన్, డుబోయిస్ వెళ్లారు. ప్రభుత్వాల చర్చల దగ్గర పౌరసమాజానికి అధికారికంగా బ్యాడ్జి దొరికిన తొలి పెద్ద సందర్భాల్లో అదొకటి. ఆ సంస్థల ఒత్తిడి వల్లే మానవ హక్కుల కమిషన్ ప్రస్తావన ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లోకి వచ్చింది. ప్రభుత్వేతర సంస్థలను సంప్రదించవచ్చన్న 71వ అధికరణం కూడా అప్పుడు వచ్చిందే. ఇవాళ ఏ దళిత సంస్థ అయినా జెనీవాలో మైకు ముందు కూర్చుంటే ఆ అధికరణం ఆధారంగానే కూర్చుంటుంది.

డుబోయిస్ మాత్రం సంతోషంగా తిరిగిరాలేదు. ఛార్టర్ ఒక చేత్తో హక్కులు రాసి, 2వ అధికరణంలోని 7వ క్లాజుతో రెండో చేత్తో తాళం వేసింది. ఏ దేశపు అంతర్గత వ్యవహారాల్లోనూ సమితి జోక్యం చేసుకోరాదన్నది ఆ క్లాజు. దాని వెనక అమెరికా గట్టిగా నిలబడింది, ఎందుకో తెలుసు కదా. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి ఓటు లేదు. అక్కడ కూర్చున్న భారత ప్రతినిధులను కూడా బ్రిటిష్ పాలకులే నియమించారు. రామస్వామి మొదలియార్ భారతదేశం తరఫున సంతకం చేస్తుంటే, విజయలక్ష్మీ పండిట్ ఏ హోదా లేకుండా బయట పత్రికలవాళ్లతో మాట్లాడుతున్నారు.

అక్టోబర్‌లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో ఐదో పాన్-ఆఫ్రికన్ మహాసభ జరిగింది. ఏర్పాట్లు చూసింది జార్జ్ పాడ్‌మోర్, క్వామే ఎన్‌క్రుమా వంటి యువతరం. జోమో కెన్యాటా వచ్చారు. ఈసారి ట్రేడ్ యూనియన్ల నాయకులు, రైతు సంఘాల వాళ్లు ఉన్నారు. క్రమంగా అన్న మాట పోయి ఇప్పుడే అన్న మాట వచ్చింది. 77 ఏళ్ల డుబోయిస్‌ను అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టి గౌరవించారు. పాతికేళ్ల కింద పారిస్‌లో తాను జాగ్రత్తగా, మర్యాదగా అడిగినదాన్ని ఈ పిల్లలు గొంతెత్తి డిమాండ్ చేస్తుంటే ఆయన అడ్డుపడలేదు. పెద్దవాళ్లకు ఇది అంత తేలిక కాదు.

ఇక అంబేద్కర్‌కు పంపుతానన్న ఆ పెద్ద పిటిషన్. దాని పేరు 'యాన్ అప్పీల్ టు ది వరల్డ్'. డుబోయిస్ సంపాదకత్వంలో న్యాయవాదులు, చరిత్రకారులు కలిసి రాశారు. బానిసత్వం నుంచి ఓటుహక్కు నిరాకరణ దాకా, వేరు బడులు, వేరు ఆసుపత్రులు, మూకహత్యలు, అన్నీ చట్టాల ఆధారాలతో. తన దేశానికి అసలు ముప్పు బయటి శత్రువు దగ్గర లేదని, దక్షిణాది పాలన దగ్గరే ఉందని డుబోయిస్ ముందుమాటలో వాదించారు. 1947 అక్టోబర్ 23న న్యూయార్క్ దగ్గర లేక్ సక్సెస్‌లో సమితి అధికారులకు అందజేశారు.

అందజేయడానికి ముందే దారి మూసుకుపోయి ఉంది. వ్యక్తుల నుంచి, సంస్థల నుంచి వచ్చే ఫిర్యాదుల మీద చర్య తీసుకునే అధికారం తనకు లేదని మానవ హక్కుల కమిషన్ ఆ ఏడాది మొదట్లోనే తేల్చుకుంది. ఏదో ఒక ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటే తప్ప పిటిషన్ కదలదు. కమిషన్ అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. ఆవిడే ఎన్.ఎ.ఎ.సి.పి. బోర్డు సభ్యురాలు కూడా. నల్లవారి పక్షాన నిలిచిన మనిషిగా ఆవిడకు పేరుంది, అది ఉత్త పేరు కాదు. అయినా ఈ పిటిషన్ విషయంలో ఆవిడ అమెరికా ప్రభుత్వ ప్రతినిధిగానే వ్యవహరించారు. సోవియట్ యూనియన్ దాన్ని పైకెత్తితే ప్రచారానికి వాడుకుంటుందన్నది ఆవిడ భయం. జరిగిందీ అదే. డిసెంబర్‌లో జెనీవాలో సోవియట్ ప్రతినిధి ప్రస్తావించాడు, సబ్ కమిషన్ తిరస్కరించింది. కోటిన్నరకు దగ్గరగా ఉన్న జనం గోడు రెండు అగ్రరాజ్యాల మధ్య బంతి అయిపోయింది.

ఇక్కడ ఒక భారతీయ ముడి ఉంది. 1946లోనే దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్షను మన దేశం సర్వప్రతినిధి సభలో లేవనెత్తింది. అది మా అంతర్గత వ్యవహారమని దక్షిణాఫ్రికా అంటే, మానవ హక్కుల ప్రశ్న అంతర్గతం కాదని విజయలక్ష్మీ పండిట్ వాదించారు. డిసెంబర్‌లో తీర్మానం భారత్‌కు అనుకూలంగా నెగ్గింది. 2001లో దర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు కులాన్ని ఎజెండాలో పెట్టమని దళిత సంఘాలు పెద్దఎత్తున వెళ్లి అడిగాయి. అప్పుడు భారత ప్రభుత్వం చెప్పింది 1946లో దక్షిణాఫ్రికా చెప్పినదే. చివరి ప్రకటనలో కులం అన్న మాట రాలేదు. మరుసటి ఏడాది జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుక ఆధారిత వివక్షలో కులం కూడా భాగమేనని 29వ సాధారణ సిఫారసులో స్పష్టం చేసింది. అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్‌కు సమితిలో సంప్రదింపుల హోదా 2022 డిసెంబర్‌లో దక్కింది. ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ భారత ప్రతినిధులు వాయిదా వేయించడం వల్ల ఆ దరఖాస్తు పదిహేనేళ్లు పెండింగ్‌లో ఉంది.

అంబేద్కర్ ఉత్తరానికి ఏమైందన్న ప్రశ్న మిగులుతుంది. 1946 జూలైలో ఆయన బెంగాల్ నుంచి రాజ్యాంగసభకు ఎన్నికయ్యారు. శరదృతువులో లండన్ వెళ్లి బ్రిటిష్ నాయకులకు షెడ్యూల్డ్ కులాల పక్షం వినిపించారు. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' ప్రచురించారు. ఆయన శక్తి రాజ్యాంగ రచన వైపు మళ్లింది. డుబోయిస్‌కు అలాంటి లోపలి తలుపు ఏదీ తెరుచుకోలేదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. సంఘం అమెరికా ప్రభుత్వ విదేశాంగ విధానానికి తోక అవుతోందని నాయకత్వాన్ని విమర్శించినందుకు 1948లో ఎన్.ఎ.ఎ.సి.పి. ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. తాను నిలబెట్టిన సంఘమే. 1950లో అణుబాంబుల నిషేధం కోరుతూ సంతకాలు సేకరించే శాంతి కేంద్రం నడిపారు. విదేశీ శక్తి ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న ఆరోపణతో 1951 ఫిబ్రవరిలో ప్రభుత్వం కేసు పెట్టింది. 82 ఏళ్ల మనిషి చేతులకు సంకెళ్లు వేశారు. పుట్టినరోజు విందుకు ఒప్పుకున్న పెద్ద హోటల్ వెనక్కి తగ్గితే, హార్లెంలోని ఒక క్లబ్బులో జరుపుకున్నారు. నవంబర్‌లో విచారణ జరిగింది. సాక్ష్యమే లేదని జడ్జి కేసు కొట్టేశాడు. ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి ఐన్‌స్టీన్ సిద్ధపడ్డారు.

కేసు పోయినా శిక్ష పోలేదు. 1952 నుంచి 1958 దాకా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1919లో మిగతావాళ్లకు చేసినదే ఇప్పుడు ఆయనకు చేశారు. 1955లో బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమయ్యాయి. ముప్పై ఏడేళ్ల కింద నవలలో ఊహించినదానికి దగ్గరి దృశ్యం అనబోయాను, సరిగ్గా లెక్కేస్తే ఇరవై ఏడే. అక్కడికి వెళ్లలేకపోయారు. 1957లో ఘనా స్వతంత్రమైంది. మాంచెస్టర్ సభలో తన పక్కన కూర్చున్న ఎన్‌క్రుమా ప్రధాని అయ్యాడు, ఆహ్వానం పంపాడు. దానికీ వెళ్లలేకపోయారు. 1958లో అమెరికా సుప్రీంకోర్టు వేరొక కేసులో రాజకీయ విశ్వాసాల కారణంగా పాస్‌పోర్టు నిరాకరించడం చెల్లదని చెప్పాకే ఆయన కదలగలిగారు. ఆ ఏడాది డిసెంబర్‌లో అక్రాలో ఆఫ్రికా ప్రజల మహాసభ జరిగేనాటికి ఆరోగ్యం బాగోలేదు. ఆయన ప్రసంగాన్ని భార్య షర్లీ గ్రాహం చదివారు.

1961లో, 93 ఏళ్ల వయసులో, కమ్యూనిస్టు పార్టీలో చేరి, ఎన్‌క్రుమా పిలుపు మీద ఘనా వెళ్లిపోయారు. అక్కడి పని ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం. 1909లోనే ఆ ఆలోచన చేసి, డబ్బిచ్చేవాళ్లు లేక ఆపేసిన పని. 1963లో అమెరికా అధికారులు పాస్‌పోర్టు పొడిగించమని చెప్పేశారు. ఆయన ఘనా పౌరసత్వం తీసుకున్నారు.

1963 ఆగస్టు 27 రాత్రి అక్రాలో చనిపోయారు. 95 ఏళ్లు. మర్నాడు వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది పౌరహక్కుల కోసం ప్రదర్శన చేశారు. 'ది క్రైసిస్'లో ఆయన తర్వాత సంపాదకుడైన రాయ్ విల్కిన్స్, చివరి రోజుల్లో ఆయనతో అంత సఖ్యత లేని విల్కిన్స్, వేదిక మీద నుంచి మరణవార్త చెప్పారు. మర్నాడు ఘనా ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. విజ్ఞాన సర్వస్వం పూర్తికాలేదు.